నిర్మాత్రి

మన పత్రికలవారికి చాలా ఇష్టమైన క్రియ ఒకటుంది: 'పరిచయమగుట'. "1949లో వచ్చిన 'మనదేశం' చిత్రంతో నందమూరి తారకరామారావు వెండితెరకు పరిచయమయ్యారు" అనే వాక్యాన్ని మీరూ నేనూ ఎన్నిసార్లు చదివి ఉంటామో లెక్క లేదు. ఆ వాక్యంలో వ్యాకరణదోషమేమీ లేదు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది. 'అగు' అకర్మక ధాతువు గనుక కర్మతో పని లేదు. అయితే అదే వాక్యాన్ని 'పరిచయం చేశారు' అని సకర్మకంగా మార్చి చూడండి. 'ఎవరు?' అన్న ప్రశ్న తక్షణమే తలయెత్తుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు వాక్యవిభజన చెప్పినవాణ్ణి. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు నన్ను వదలలేదు. వాక్యం కనబడితే చాలు, కర్తను వెదుకుతాను.

ఈ వాక్యంలో దాగిన కర్త పేరు చిత్తజల్లు కృష్ణవేణి. నటి, గాయని, అన్నింటినీ మించి నిర్మాత. 1924 డిసెంబరు 24న పుట్టి, నూఱేళ్ళు నిండాక, 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూశారు. మరునాడు నేను చూసిన వార్తలలో ఒక్కదానికి కూడా శీర్షిక ఆవిడ పేరుతో మొదలుకాలేదు. 'ఎన్టీఆర్‌ను పరిచయం చేసిన' అని విశేషణం ముందు వచ్చి, విశేష్యం వెనుక వచ్చింది. పోనీలెండి, క్రియ సకర్మకమైనందుకు సంతోషించాను.

ఆ వారంలోనే కొండకింద పూజాసామగ్రి దుకాణం నడుపుకొంటున్న నా పాత శిష్యుడొకడు పత్రిక చేతబట్టుకొని అడిగాడు.

"మేష్టారండీ, ఈవిడ మన జిల్లా ఆవిడంటండి. రామారావుగారి పక్కన ఏ సినిమాలో వేశారండీ?"

"ఆవిడ రామారావుగారి పక్కన వేయలేదురా. రామారావుగారే ఆవిడ సినిమాలో వేశారు."

వాడు కాసేపు ఆలోచించి, "అంటే డబ్బులు పెట్టినావిడన్నమాట" అన్నాడు.

వాణ్ణి తప్పుపట్టను. నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడని లోకం ఎప్పుడో తీర్మానించుకొంది. ఆ తీర్మానం ఎంతవరకు సబబో కృష్ణవేణిగారి జీవితాన్ని ఆధారం చేసుకొని పరిశీలిద్దామని ఈ టపా మొదలుపెట్టాను.

ముందు మా ప్రాంతాన్ని గురించి రెండు మాటలు. ద్వారకా తిరుమలకు రైలులో వచ్చేవారు భీమడోలులో దిగి పైకి వస్తారు. అక్కడినుంచి పడమటికి పోతే దెందులూరు, ఏలూరు. ఇంకా పోతే నూజివీడు, ఆగిరిపల్లి. కృష్ణవేణిగారి స్వస్థలం పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని పంగిడి. 'మనదేశం' దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారు, అనగా అక్కినేని లక్ష్మీవరప్రసాదరావుగారు, పుట్టినది ఏలూరు దగ్గఱి సోమవరప్పాడు. కృష్ణవేణిగారి భర్త మీర్జాపురం రాజావారిది నూజివీడు జమీందారులైన మేకావారి వంశం. నూజివీడు అప్పట్లో కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ద్వారకా తిరుమల, సోమవరప్పాడు, నూజివీడు, ఆగిరిపల్లి అన్నీ ఒకే ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. చలనచిత్ర చరిత్ర అంటే మద్రాసు చరిత్ర అనుకొంటాం గాని, ఆ మద్రాసు చిత్రానికి వేళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నాయన్నమాట.

ఆవిడ తండ్రి కృష్ణారావుగారు వైద్యులు. చిన్ననాడే నాటకాలలో పిల్లవేషాలు వేసి, పాటలు పాడి, సి. పుల్లయ్యగారి దృష్టిలో పడ్డారు. 'లవకుశ' తీసిన పుల్లయ్యగారు 1936లో పిల్లలచేత పౌరాణికం ఆడించాలని తలపెట్టారు. ఆ 'సతీ అనసూయ'లో పన్నెండేళ్ళైనా నిండని కృష్ణవేణి అనసూయ. ఆ తరువాత 1938లో 'కచ దేవయాని'లో దేవయాని. ఈ కాలపు చదువరులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటికి నేపథ్యగానం మనవైపు నిలదొక్కుకోలేదు. తెరమీద కనిపించేవారే పాడుకోవాలి. రూపం ఉండి గాత్రం లేనివారికీ, గాత్రం ఉండి ఉచ్చారణ లేనివారికీ అక్కడ చోటు లేదు. రంగస్థలం మీద మైకుల్లేని రోజులలో చివరి వరుసకు వినబడేలా పద్యం చదివినవారే తొలి టాకీల నాయికా నాయకులు. ఆ బడిలో చదివిన పిల్ల ఈవిడ.

మీర్జాపురం రాజావారు జయా ఫిలిమ్స్ పేరుతో చిత్రనిర్మాణం మొదలుపెట్టి, మద్రాసులో శోభనాచల స్టూడియోను నెలకొల్పారు. ఆ పేరు చూడగానే మావైపు వారికి ఆగిరిపల్లి కొండమీది శోభనాచల లక్ష్మీనృసింహస్వామి స్ఫురిస్తాడు. స్టూడియో తరువాత చేతులు మారి వీనస్ స్టూడియో అయింది. ఆ పేరు ఎఱిగినవారు ఎందఱో ఉన్నారు, దాని పూర్వనామం ఎఱిగినవారు కొద్దిమంది. జమీందారులు సినిమాలకు పూనుకోవడం ఆ రోజులలో వింత కాదు. చల్లపల్లి రాజావారి అండతో గూడవల్లి రామబ్రహ్మంగారు 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీ వ్యవస్థను ఎండగట్టిన చిత్రానికి జమీందారే వెనుక నిలవడం మన చలనచిత్ర చరిత్రలోని చిత్రమైన పుటలలో ఒకటి.

రాజావారి సంస్థకు నటిగా వెళ్ళిన కృష్ణవేణి ఆయనను వివాహమాడారు. 'జీవనజ్యోతి' 1940, 'దక్షయజ్ఞం' 1941, 'భీష్మ' 1944, 'గొల్లభామ' 1947, 'మదాలస' 1948: ఇవన్నీ ఆవిడ నటించిన చిత్రాలు. వీటిని గురించి పేరుపేరునా వ్రాయగలిగినంత సామగ్రి లేదు గనుక ముందుకు పోతాను. ఒక్క 'గొల్లభామ' దగ్గఱ ఆగక తప్పదు. అందులో నామపాత్ర కృష్ణవేణిగారిదే. ఆ చిత్రంలోనే అంజలీదేవి అనే కొత్త నటి ప్రేక్షకులకు ఎఱుకపడింది. రెండేళ్ళ తరువాత, 1949లో, రాజావారే నిర్మించి దర్శకత్వం వహించిన 'కీలుగుఱ్ఱం'లో అక్కినేని నాగేశ్వరరావుగారితో అంజలీదేవి నటించారు. తెర మీద అంజలీదేవి పెదవులు కదుపుతుంటే వినిపించిన గొంతు కృష్ణవేణిగారిది. సొంత సంస్థ, సొంత స్టూడియో, తాను పేరుపొందిన నాయిక. అయినా మఱొక నాయికకు తెరవెనుక నిలిచి పాడారు. ఇది ఔదార్యమో, వ్యాపారదృష్టియో, రెండూనో తేల్చలేను. నిర్మాత బుద్ధి అంటే ఇదే అని మాత్రం నాకు అనిపిస్తుంది. చిత్రానికి ఏది కావాలో అది అమర్చడం, తానెక్కడ కనబడతానన్న చింత లేకపోవడం. మా అమ్మ 'కీలుగుఱ్ఱం' ఏలూరులో చూసింది. ముసలితనంలో కూడా ఆ కథను రాక్షసితో సహా అప్పజెప్పేది. అంజలీదేవి ఎంత బాగా పాడిందో అనేది.

ఇక 'మనదేశం'.

ఆ చిత్రాన్ని శోభనాచల పేరుమీద కాక ఎం.ఆర్.ఏ. ప్రొడక్షన్స్ అన్న వేఱు పేరుతో తీశారు. ఎం.ఆర్.ఏ. అంటే మేకా రాజ్యలక్ష్మీ అనూరాధ, ఆవిడ కూతురి పేరు. 'రాజావారి డబ్బు, రాణిగారి పేరు' అని ఇక్కడే కొందఱు పెదవి విఱుస్తారు. డబ్బు భర్తది, స్టూడియో భర్తది అయినప్పుడు ఆమెను స్వతంత్ర నిర్మాత అనవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ధనంలో కాక ఎంపికలో వెదకాలంటాను. శోభనాచలవారు అప్పటికి ఏ దారిలో ఉన్నారో చూడండి: భీష్ముడు, దక్షుడు, మదాలస, గొల్లభామ, కీలుగుఱ్ఱం. ఎక్కువగా పురాణం, లేకుంటే జానపదం. అదే ఏడాది 'కీలుగుఱ్ఱం' విజయవంతమైంది, తరువాత తమిళంలోకి కూడా వెళ్ళింది. చేతిలో గెలుపుగుఱ్ఱం ఉండగా, దాన్ని వదలి, స్వాతంత్ర్యోద్యమం మీద సాంఘికం తీయాలన్నది ఎవరి బుద్ధి? అది శోభనాచల ధోరణి కాదు. పేరు మారింది, దారీ మారింది.

కథ శరత్ చంద్ర ఛటోపాధ్యాయుల 'విప్రదాస్' నవల నుంచి వచ్చింది. శరత్ మనకు ఎంత దగ్గఱివాడో చెప్పనక్కఱలేదు. చక్రపాణిగారివంటి అనువాదకుల చలవవల్ల ఆయన తెలుగువాడే అనుకొన్న పాఠకులు ఆ తరంలో ఉన్నారు. 'దేవదాసు' 1953లో, 'తోడికోడళ్ళు' 1957లో, 'బాటసారి' 1961లో వచ్చాయి. తెలుగు సినిమా శరత్తును పట్టుకొన్న ఆ పరంపరలో 'మనదేశం' వాటన్నింటికంటె ముందుది. 'విప్రదాస్' ఒక భూస్వామి ఇంటి కథ. సంప్రదాయ నిష్ఠ గల అన్న, ప్రజోద్యమాలలో తిరిగే తమ్ముడు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీలకు కాలం చెల్లింది. సరిగ్గా ఆ మరుసటి ఏడు ఒక జమీందారు ఇల్లాలు, భూస్వామి గడపలోనికి దేశోద్యమం అడుగుపెట్టిన కథను ఎన్నుకొని తెరకెక్కించింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. కాని ఆ రెండు తేదీలను పక్కపక్కన వ్రాసుకొని చూస్తే ఊరకే దాటిపోబుద్ధి కాదు.

తరువాత మనుషుల ఎంపిక. ఎల్.వి. ప్రసాద్‌గారు అప్పటికి 'గృహప్రవేశం' (1946), 'ద్రోహి' (1948) చిత్రాలతో సాంఘికాలలో చేయి తిరిగినవారు. సోమవరప్పాడు వదలి బొంబాయి చేరి, తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లోనూ, తొలి దక్షిణాది టాకీ 'కాళిదాస్'లోనూ చిన్న వేషాలు వేసి, పస్తులుండి పైకి వచ్చిన మనిషి. మాటలూ పాటలూ సముద్రాల రాఘవాచార్యులవారివి. సముద్రాలవారి తెలుగును గురించి నాబోటి పండిత శిక్షణ పొందినవాడు మొదలుపెడితే ఈ టపా ముగియదు. సంగీతం ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ఆయన అప్పటికింకా సంగీత దర్శకుడిగా కొత్త. 'కీలుగుఱ్ఱం', 'మనదేశం' రెండూ ఆయనకే ఒప్పజెప్పారు. పాత్రధారులు చిత్తూరు నాగయ్యగారు, సి.హెచ్. నారాయణరావుగారు, నాయిక కృష్ణవేణిగారే. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం మిగిలింది. చిన్న వేషం. దానికి సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వదలుకొని వచ్చిన నిమ్మకూరు యువకుణ్ణి ప్రసాద్‌గారు తెచ్చారు, నిర్మాత అంగీకరించారు.

మొదటి రోజు లాఠీచార్జి దృశ్యమనీ, ఆ కొత్త ఇన్‌స్పెక్టరు ఆవేశంలో నిజంగానే బాదేశారనీ, ఇది నటన అని ప్రసాద్‌గారు ఆపవలసి వచ్చిందనీ చెప్పుకొంటారు. ఈ కథను సినిమా వాళ్ళు చెప్పగా విన్నాం, రాజకీయ సభలలో విన్నాం. నాకు ఆ కథలో దెబ్బలు తిన్న జూనియర్ ఆర్టిస్టుల మీద ఎప్పుడూ జాలి. కాని దెబ్బలు తిన్నవారికి సర్దిచెప్పి, ఆ పూట పని ఆగకుండా చూసుకొనే బాధ్యత ఎవరి నెత్తిన పడుతుందో సినిమా తీసినవారిని అడగండి.

'మనదేశం' 1949 నవంబరు 24న విడుదలయింది. వేళ్ళ మీద లెక్క వేసుకొన్నాను. ఆ రోజుకు కృష్ణవేణిగారికి ఇరవై నాలుగేళ్ళు. ఇరవై అయిదు నిండడానికి ఇంకా సరిగ్గా నెల ఉంది. నిర్మాత ఆవిడ, నాయిక ఆవిడ, గాయని ఆవిడ. ఆవిడ అవకాశమిచ్చిన రామారావుగారు ఆవిడకంటె ఏడాదిన్నర పెద్ద. మనం మనస్సులో ఊహించుకొనే బొమ్మ వేఱు. ఎవరో పెద్ద ముత్తయిదువ కొత్త కుఱ్ఱవాణ్ణి ఆశీర్వదించి పంపినట్టు. నూఱేళ్ళు బ్రతకడంలో ఇదొక చిక్కు. చివరి ఛాయాచిత్రమే లోకానికి మిగులుతుంది.

'డబ్బులు పెట్టినావిడ' అన్న మా శిష్యుడి మాటకు ఇప్పుడు తిరిగి వస్తాను. డబ్బు పెట్టడం ఒక్కటే నిర్మాత పని అయితే బ్యాంకు కూడా నిర్మాతే కావాలి. ఏ కథ తీయాలి, ఎవరిచేత వ్రాయించాలి, ఎవరు పాడాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ముడిఫిల్ము ఎన్ని అడుగులు వాడవచ్చు, సెట్టు ఎన్నాళ్ళు నిలబెట్టాలి, పంపిణీదారు ఇచ్చే అడ్వాన్సుకు ఒప్పుకోవాలా వద్దా, సెన్సారువారు కత్తిరించమంటే ఏది వదులుకోవాలి, వేషధారి జ్వరమని రాకపోతే ఆ రోజు ఏ దృశ్యం తీయాలి: ఇవన్నీ తేల్చవలసిన తల ఒకటే. దర్శకుడు చిత్రాన్ని ఊహిస్తాడు, నటుడు కనబడతాడు. ఆడకపోతే అప్పులవాళ్ళు వచ్చేది మాత్రం నిర్మాత ఇంటికే. అటువంటి ఇళ్ళు అమ్ముకొన్నవారి కథలు మన చిత్రసీమలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

ఈ సందర్భంలో మా కొండ గుర్తుకు వస్తుంది. ద్వారకా తిరుమల ఆలయ విమానాన్నీ, మండపాన్నీ, గోపురాన్నీ, ప్రాకారాలనూ నిర్మించినవాడు మైలవరం జమీందారు ధర్మా అప్పారావుగారని చెప్పుకొంటాం. ఆయనా 'నిర్మాత'యే. రాళ్ళు చెక్కిన శిల్పుల పేర్లు మాత్రం ఏ యాత్రికుడికీ తెలియవు. సినిమాకు వచ్చేసరికి ఇది తలక్రిందులయింది. బొమ్మ పేరు నిలిచింది, కట్టించినవారి పేరు పోయింది. ఒకే మాట, ఒకే అర్థం. గుడి దగ్గఱ ఒక గతి, తెర దగ్గఱ మఱొక గతి.

మాట ఎలాగూ వచ్చింది గనుక, పండితుడి చాదస్తం కొంచెం భరించండి. 'నిర్మాత' తృజంత శబ్దం. నిర్మాతృ శబ్దానికి స్త్రీలింగంలో 'నిర్మాత్రీ' అని రూపం, తెలుగులోకి తత్సమంగా వస్తే 'నిర్మాత్రి'. దాతకు దాత్రి, నేతకు నేత్రి ఎలాగో ఇదీ అలాగే. రచయిత్రి అంటున్నాం, కవయిత్రి అంటున్నాం. సినిమా పత్రికలు నటిని 'అభినేత్రి' అని ముచ్చటగా పిలుచుకొన్నాయి. కాని 'నిర్మాత్రి' వాడుకలోకి రాలేదు. 'మహిళా నిర్మాత' అంటారు, 'తొలి మహిళా నిర్మాతలలో ఒకరు' అంటారు. నటించే స్త్రీకి భాష ఒక చక్కని స్త్రీలింగం సిద్ధం చేసుకొంది. నటింపజేసే స్త్రీ వచ్చేసరికి పుంలింగానికి ఒక విశేషణం తగిలించి ఊరుకొంది. స్త్రీలు లేకనా అంటే, ఉన్నారు. 1935లో 'సతీ సక్కుబాయి' తీసిన దాసరి కోటిరత్నంగారు ఉన్నారు. రాజరాజేశ్వరీ సంస్థ నడిపిన కన్నాంబగారు, భరణీ సంస్థ నడిపిన భానుమతిగారు, తరువాత అంజలీ పిక్చర్స్ అంజలీదేవిగారు ఉన్నారు. వీరిలో ఎవరిని గురించి మాట్లాడినా భర్తగారి పేరు పక్కనే వస్తుంది. భానుమతిగారు మాత్రం ఎవరి పక్కనా ఒదిగే మనిషి కాదు గనుక ఆవిడ విషయంలో భర్తగారి పేరే వెనక్కి జరిగింది!

సినిమా సంగతి అలా ఉంచండి. మాకు మెట్టమీద నిమ్మతోట ఉండేది. నాన్నగారు బడిపంతులు. ప్రొద్దున్న పోయి దీపాలవేళకు వచ్చేవారు. పాదులు తవ్వించినా, కూలీల లెక్క చూసినా, ఏలూరు పంపే బస్తాకు ధర తెగగొట్టినా అమ్మే. పట్టా నాన్నగారి పేర ఉండేది, ఊరివాళ్ళు 'పంతులుగారి తోట' అనేవారు. అమ్మ కూడా 'మీ నాన్నగారి తోట' అనే అనేది. అందులో ఆవిడకు లోటు తోచినట్టు నేనెప్పుడూ చూడలేదు. లోటు తోచేది నాకు, ఇప్పుడు.

'మనదేశం' తరువాత. 1950లో శోభనాచలవారి 'లక్ష్మమ్మ' వచ్చింది. కృష్ణవేణిగారు నామపాత్ర. దర్శకుడు త్రిపురనేని గోపీచంద్, 'అసమర్థుని జీవయాత్ర' వ్రాసిన గోపీచందే. సంగీతం మళ్ళీ ఘంటసాల. అదే ఏడాది అదే కథతో ఘంటసాల బలరామయ్యగారు 'శ్రీ లక్ష్మమ్మ కథ' తీశారు. అందులో లక్ష్మమ్మ ఎవరనుకొన్నారు? అంజలీదేవి. కిందటేడు తన గొంతు అరువిచ్చిన నాయికే ఈ ఏడు ఎదుటి శిబిరంలో అదే పాత్ర ధరించి నిలిచింది. ఇది ఏ నాటకకర్త కల్పించినా 'అతకలేదు' అనేవాళ్ళం.

1957లో 'దాంపత్యం'. ఆ చిత్రం పేరు ఈనాడు ఎవరికీ జ్ఞాపకం ఉండకపోవచ్చు. అందులో సంగీతం కొండపల్లివాసి రమేష్ నాయుడుగారిది, తెలుగులో ఆయనకు మొదటి చిత్రం. పాతికేళ్ళ తరువాత 'మేఘసందేశం' సంగీతానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. ఒక ఘంటసాల, ఒక రమేష్ నాయుడు, మధ్య ఒక రామారావు. తొలి అడుగులు వేస్తున్నవారిని పోల్చుకొనే చెవీ కన్నూ ఆవిడకు ఉన్నాయనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కఱలేదు. ఒక్కసారి జరిగితే అదృష్టం అనవచ్చు. మూడుసార్లు జరిగిన దాన్ని అదృష్టమని అంటే, అది ఆవిడ బుద్ధిని తక్కువచేయడమే.

1950లు ముగిసేసరికి కృష్ణవేణిగారు చిత్రసీమకు దూరమయ్యారు. అప్పటికి ఆవిడకు ముప్పై అయిదేళ్ళు. అక్కడినుంచి అఱవై అయిదేళ్ళ మౌనం. ఆ మధ్యకాలంలో ఆవిడ అవకాశమిచ్చిన ఇన్‌స్పెక్టరు రాముడయ్యాడు, కృష్ణుడయ్యాడు, 1983లో ముఖ్యమంత్రి అయ్యాడు, 1996లో పోయాడు. ఘంటసాల పాడిపాడి 1974లో వెళ్ళిపోయారు. ఎల్.వి. ప్రసాద్‌గారికి 1980లో తొలి రఘుపతి వెంకయ్య పురస్కారం, 1982కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చాయి. 1994లో గతించారు. అదే రఘుపతి వెంకయ్య పురస్కారం కృష్ణవేణిగారికి 2004కు ఇచ్చారు. దర్శకుడికీ ఆ చిత్ర నిర్మాత్రికీ నడుమ ఇరవై నాలుగేళ్ళు. ఆలస్యమని నేను దీర్ఘం తీయను. వచ్చినందుకు సంతోషమే. కాని అంకెలు అంకెలే.

2024 డిసెంబరు 14న, విజయవాడ పక్కన పోరంకిలో, 'మనదేశం' విడుదలై డెబ్బై అయిదేళ్ళు నిండిన సందర్భంగా ఎన్టీఆర్ సినీ వజ్రోత్సవం జరిపారు. చక్రాల కుర్చీ వయస్సులో కృష్ణవేణిగారిని పిలిచి, పెద్దలందఱి నడుమ సత్కరించారు. ఉత్సవం పేరు చూడండి, తేదీ లెక్క చూడండి. అది ఎవరి చిత్రానికి వజ్రోత్సవమో ఆవిడ ఆ వేదిక మీదే ఉన్నారు. పది రోజులకు నూఱేళ్ళు నిండాయి. రెండు నెలలైనా తిరగకుండానే వెళ్ళిపోయారు. తన చిత్రంలో పనిచేసిన పేరున్న వారందఱినీ సాగనంపి, చివరికి తాను బయలుదేరినట్టు.

మా శిష్యుడికి ఇదంతా ఒక సాయంత్రం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "అయితే మేష్టారండీ, ఆ ఎం.ఆర్.ఏ. పాప ఏమయ్యారండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్న. తరగతిలో ఉన్నప్పుడు వాడు ఇలాంటి ప్రశ్న ఒక్కటీ అడిగి ఎఱుగడు.

ఆ పాప పెద్దదై, ఎన్.ఆర్. అనూరాధాదేవి అన్న పేరుతో నిర్మాత అయ్యారు. 1977లో 'చక్రధారి' తీశారు. ఆ తరువాత 'రావణుడే రాముడైతే', 'శ్రీవారి ముచ్చట్లు'. 'చక్రధారి' కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావుగారు. ఆ పాప తండ్రి 1949లో కీలుగుఱ్ఱం ఎక్కించిన నాయకుడే.